పాత ఇనుము, కొత్త పరుపు

తెలుగువాడు రోగమును మంచముతో కొలుచును. జ్వరమైనను దగ్గైనను “పానం బాగ లేదు” అని సరిపెట్టుకొనునుగాని, మనిషి తనంత తాను లేవలేని దశ వచ్చినప్పుడు మాత్రము “మంచం పట్టిండు” అని ఒక్క మాటతో సంగతి తేల్చివేయును. ఆ మాట విన్నవాడును రోగమేమని రెట్టించి అడుగడు. ఇంట చేసెడివారెవరని అడుగును. వైద్యశాస్త్రమంతయు చదివినవాడు కూడ ఇంతకంటె సూటియైన ప్రశ్న వేయలేడని నాకు తోచును; ఏలయనగా ఇంటికి ఆసుపత్రి మంచము కొనవలెనా, కొన్నను పాతది కొనవచ్చునా అని నన్నడిగినవారికెల్ల నేను తిరిగి వేయుచు వచ్చిన ప్రశ్న అదియే.

జైనూరులో మా వాడకట్టుననే యున్న ఒక పత్తి రైతు తల్లికి రెండేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి కుడిప్రక్క పడిపోయినది. ఆదిలాబాదు పెద్దాసుపత్రిలో కొన్ని దినములుంచి, ఇక చేయవలసినది ఇంటనే చేసికొనవచ్చునని పంపివేసిరి. ఇంటికి వచ్చిన మూడవనాడు ఆ రైతు నా యొద్దకు వచ్చి, “సార్, మంచిర్యాలల ఒక దవాఖాన ఎత్తేస్తున్నరట. ఆసుపత్రి మంచం తొమ్మిది వేలకు ఇస్తమంటున్నరు. కొత్తదైతే పదిహేను వేలకు తక్కువ లేదు. అగ్గువనే గద, తెద్దామంటరా?” అని అడిగినాడు. “అవ్వను అడిగినవా?” అంటిని. అడుగలేదు. ఇద్దరము పోయి అడుగగా, ఆమె వంకరపోయిన నోటితోనే తడబడకుండ, “దవాఖాన మంచం ఇంట్లకెందుకు బిడ్డా? నేనేమన్న సావబోతున్ననా?” అన్నది. ఈ జవాబును తరువాత మరల తలచుకొందము.

తొమ్మిది వేలు అగ్గువయా ప్రియమా అన్నది మంచిర్యాలలో తేలునది కాదు, జైనూరులో తేలవలెను. మా ఊరు 2016 అక్టోబరు వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది, ఆ పిదప కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది. జిల్లా మారినను దారులు మారలేదు. మంచిర్యాల నుండి సామాను రావలెనన్న ఆసిఫాబాదు మీదుగా వచ్చి కెరమెరి ఘాటు ఎక్కవలెను, లేదా లక్షెట్టిపేట, జన్నారము దాటి అడవిలో నుండి ఉట్నూరు చేరి ఇటు తిరుగవలెను. ట్రాలీవాడు పోను రాను కిరాయి అడుగును, ఎత్తుటకు దించుటకు మనుష్యులు వేరు. ఈ లెక్క వేసి చూడగా పాతదానికిని కొత్తదానికిని నడుమ కనబడిన అంతరములో సగముపైన డీజిలుకే పోవుచుండెను. హైదరాబాదువంటి నగరములలో ఈ మంచములు నెలకింత యని అద్దెకు దొరకును గనుక అచటివారికి కొనుట తుది మార్గము. మా వారపు అంగడిలో మేకపిల్ల మొదలు మిక్సీ వరకు దొరకునుగాని అద్దె మంచము దొరకదు. కావున ఇచటివారికి ముందుగా తేలవలసినది ధర కాదు, అవసరము.

ఆసుపత్రి మంచమున కున్న మహిమ యేమి? చక్రములా, తెల్లరంగా? కాదు, అది మడుచుకొనును, అంతే. 1900వ సంవత్సరములో అమెరికాలో ఫౌలర్ అను శస్త్రవైద్యుడు, కడుపులో చీము పట్టిన రోగులను తల, ఛాతి ఎత్తి కూర్చుండబెట్టినట్లుంచిన చీము క్రిందికి దిగి ప్రాణము దక్కుటకు వీలు హెచ్చునని చెప్పెను. అతని పేరే నేడు మన సర్జికల్ షాపులలో “ఫౌలర్ మంచం” అని నిలిచినది. వీపుభాగము మాత్రమే లేచునది “సెమీ ఫౌలర్”, వీపును మోకాళ్లును రెండును లేచునది పూర్తి “ఫౌలర్”. అయితే తల ఎత్తి పండుకొనబెట్టిన మనిషి గంటలోపల క్రిందికి జారిపోవును. ఈ చిక్కును విడదీసినవాడు గాచ్ అను మరియొక అమెరికా వైద్యుడు. అతడు 1909లో పడకను మూడు ముక్కలుగా విరిచి, మోకాళ్ల క్రింది ముక్క కూడ లేచునట్లు చేసెను. మోకాళ్లు ఎత్తుగా నున్నయెడల మనిషి జారడు. జారకుండుట సుఖము కొరకే కాదు. జారునప్పుడు ఒడలి బరువు క్రిందికి పోవుచుండగా నడుము క్రింది చర్మము పరుపును పట్టుకొని వెనుకకు లాగబడును, ఆ లాగుడులో లోపలి సన్నని నెత్తురునాళములు నలిగి, పైకి గీటైనను కనబడకమునుపే లోన పుండు మొదలగును. కావుననే హ్యాండిల్ త్రిప్పువారు మొదట మోకాళ్లను, తరువాత వీపును లేపవలెను. అన్నము పెట్టునప్పుడును, పెట్టిన అరగంట వరకును తప్ప వీపును మిక్కిలి నిటారుగా నుంచరాదు. ఇన్ని వేలు పోసి కొన్నవారిలో ఈ వరుస తెలిసినవారు నాకు అరుదుగా కనబడిరి.

మన నులక మంచమును ఇంతలోనే తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, దావణము బిగించిన నులక. క్రిందినుండి గాలి ఆడును, నీళ్లు పోసిన నిలువవు, ఎండలో వేసిన నల్లులు పోవును. బొత్తిగా లేవలేనివారికి నడుమ నులక తొలగించి క్రింద గిన్నె పెట్టు ఉపాయము మన పల్లెల వారు ఎవరును నేర్పకయే కనిపెట్టిరి. దాని దోషము రెండు విధములది. నడుమ గుంటవడుటచే ప్రక్కకు త్రిప్పిన మనిషి మరల గుంటలోనికే దొరలును. మిక్కిలి కురుచగా నుండుటచే చేసెడివారి నడుము విరుగును. మనిషి నెలరోజులలో లేచి తిరుగునని వైద్యుడు చెప్పినయెడల, ఉదాహరణకు తుంటియెముక విరిగి ఆపరేషను చేయించుకొన్నవారికి, బల్లమంచము మీద మంచి పరుపు, వడ్రంగి చేసిన వీపుపలక ఒకటి, పట్టుకొని లేచుటకు దూలమునకు కట్టిన గట్టి తాడు, ఇవి చాలును. ఊపిరి ఆడక రాత్రులు కూర్చుండియే గడపు గుండెజబ్బువారికి, ముక్కులో గొట్టముతో ఆహారము పెట్టించుకొనువారికి, మింగుట తడబడు పక్షవాతరోగులకు, నెలల తరబడి ఒకరు త్రిప్పినగాని తిరుగలేనివారికి మాత్రము మడుచుకొను మంచము నిజముగా ఉపకరించును. మా అవ్వ ఈ రెండవ కోవలోనిది. నీళ్లు త్రాగినప్పుడెల్ల ఆమెకు పొరపోవుచుండెను. కావున కొనవలెనని తేలినది. ఇక పాతదా కొత్తదా?

పాతదానిని కన్నులార చూచి తేల్చుకొందమని మంచిర్యాలకు పోవుటకు ముందు నేను ఆ రైతుచేత మూడు కొలతలు తీయించితిని. వాకిలి వెడల్పు రెండడుగుల ఎనిమిదంగుళములు. మంచము మూడడుగులు, పొడవు ఆరున్నర. తలవైపు కాళ్లవైపు పలకలు బోల్టులు విప్పిన ఊడివచ్చునా, చట్రమును నిలువుగా ఎత్తి లోనికి జొనుపవచ్చునా అన్నది అచటనే చూచుకొనవలసిన విషయము. ఇంటికి తెచ్చిన పిదప దర్వాజ కొట్టించినవారిని నేనెరుగుదును. రెండవది అవ్వ మోకాలి ఎత్తు, పాదము నుండి పదునారంగుళములు. ఆసుపత్రులలో మంచములు డాక్టరు నడుము వంగకుండుటకు ఎత్తుగా చేయబడినవి. చక్రములును పరుపును కలిసిన రెండడుగులు దాటిపోవును. అంత ఎత్తున అంచుమీద కూర్చున్న పొట్టి మనిషి పాదములు నేలనంటవు; పాదము నేలనంటనివాడు లేచి నిలుచుట నేర్వజాలడు, దిగబోయి పడుట నేర్చును. చేసెడివారి నడుమునకు ఎత్తు మంచము మేలు, లేవవలసినవారి కాళ్లకు కురుచ మంచము మేలు. ఈ పేచీ తీర్చుటకు ఎత్తు తగ్గి పెరుగు మంచములున్నవిగాని వాటి వెల మనకందదు. మేము చక్రములు ఊడదీయుటకు వీలైన మంచమును వెదకితిమి. అట్లు చేసిన ఐదారంగుళములు దిగును. అదియునుగాక పేడతో అలికిన నేలలో ఈ చక్రములు దిగబడి మంచము ఒక ప్రక్కకు ఒరగును. చక్రములుంచుకొనువారు నాలుగింటి క్రిందను నాలుగు బండముక్కలు పరచుకొనవలెను.

మూడవ కొలత గది. మంచమునకు రెండు ప్రక్కల మనిషి నిలువగల చోటుండవలెను. ఈ మాట నాది కాదు, 1859లో రోగిశుశ్రూషను గూర్చి పుస్తకము వ్రాసిన ఫ్లోరెన్సు నైటింగేలుది. రోగి మంచమును గోడకానించి వేయరాదనియు, గదిలో వెలుతురెక్కువ యున్నచోటనే వేయవలెననియు, వీలైన కిటికీలో నుండి బయటి లోకము కనబడవలెననియు ఆమె పట్టుదలగా వ్రాసినది. మన ఇండ్లలో రోగి మంచమును చీకటి మూల గోడకానించి వేయుటయే మర్యాదగా నున్నది.

మంచిర్యాలలో ఆ నర్సింగుహోము మేడమీద పదునాలుగు మంచములు వరుసగా నుండెను. అమ్మువాడు అన్నిటికంటె తెల్లగా మెరయుచున్న దానిని చూపెను. మెరుగు క్రొత్తగా వేసిన రంగుదని దాని వాసనయే చెప్పుచుండెను. తుప్పు మీద రంగు వేసిన ఇనుమునకంటె రంగు ఊడి తుప్పు కనబడు ఇనుమే నమ్మదగినది. నేను నా టార్చిలైటుతో క్రిందికి దూరితిని. వెల్డింగు అతుకుల చుట్టును వెండ్రుకవంటి బీటలున్నవా, గొట్టములు అడుగున తుప్పు తిని పలుచబడినవా, వేలితో కొట్టిన గణగణ మనునా, డొల్లచప్పుడు చేయునా, ఇవి చూడవలసినవి. పిదప రైతును పండుకొనబెట్టి హ్యాండిల్ పూర్తిగా పైకి త్రిప్పితిమి. ఖాళీ మంచము ఏదైనను లేచును. మనిషి బరువుతో లేపి, చేయి విడిచి, కొంతసేపు మాటలాడుచు నిలువవలెను. మర అరిగిన మంచము మెల్లమెల్లగా తనంత తాను దిగిపోవును. మొదటిది అట్లే దిగినది. రెండవదాని హ్యాండిల్ నడుమ పట్టు విడిచి దూకినది. ఐదవది, రంగు ఊడి అందవికారముగా నున్నది, మొండిగా నిలిచినది. దాని హ్యాండిల్ మడిచి లోనికి త్రోయుటకు వీలున్నది కూడ. బయటికి పొడుచుకొని యుండు హ్యాండిల్ చీకటిలో ఎన్ని మోకాటిచిప్పలను పలుకరించునో కొన్నవారికి తెలియును.

ప్రక్క కటకటాల విషయమున మాత్రము నేను కొంచెము చాదస్తుడను. పడిపోకుండ రక్షించునవియని అందరును వాటిని మొదట చూతురు; అవియే ప్రాణము తీయవచ్చునన్న సంగతి తలంపునకు రాదు. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ 1985 మొదలు 2009 ఆరంభము వరకు తనకు అందిన సమాచారమును కూర్చగా, మంచపు కటకటాలలో మనుష్యులు ఇరుకుకొన్న ఘటనలు 803, అందు మరణించినవారు 480 మంది; పెక్కుమంది బలహీనులైన వృద్ధులు. తల దూరరాదన్న సందు 120 మిల్లీమీటర్లకు లోపల నుండవలెనని ఆ శాఖ 2006లో సూచించినది. మన కొలతలో చెప్పవలెనన్న సుమారు బెత్తెడున్నర. ఊచకును ఊచకును నడుమ మాత్రమే కాక, పరుపు అంచుకును కటకటానికిని నడుమ కూడ చూడవలెను. ఒక మంచము కటకటాలు మరియొక మంచమునకు బిగించి అమ్ముట పాత సామానులో సాధారణము, అప్పుడు సందు తప్పక పెరుగును. మతి స్థిమితము లేని ముసలివారు కటకటాలనెక్కి దాటబోవుదురు, అప్పుడు పడునది మంచము ఎత్తునుండి కాదు, కటకటము ఎత్తునుండి. మేము కొన్న మంచమునకు ఒక ప్రక్కది వంగియుండెను. దానిని విడిచి ఒక్క కటకటముతోనే తెచ్చితిమి, రెండవ ప్రక్క రాత్రులు ఒకరు చాప పరచుకొనుటకు కుదురుకొనిరి.

అమ్మువాడు మోటారు మంచము కూడ ఒకటి చూపి, రిమోటు నొక్కి ఆటబొమ్మవలె లేపి దించి చూపెను. నేను తల అడ్డముగా ఊపితిని. వానకాలములో మా ప్రాంతపు కరెంటు సంగతి తెలిసినవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. వీపు నిటారుగా లేచియుండగా కరెంటు పోయి తెల్లవారువరకు రాకున్న ఆ రాత్రి రోగి గతి యేమి? పైగా పాత మోటారులో నీరు, ఔషధము, మూత్రము ఎన్ని దిగినవో విప్పి చూచువారు లేరు, చెడిన బాగుచేయువాడు జైనూరులో లేడు. చేతిహ్యాండిల్ విరిగిన మా ఊరి వెల్డింగువాడు పూటలో అతికించును.

పరుపు ఉచితముగానే ఇస్తమనిరి. రైతు సంతోషించెను; నేను రెక్సిను కుట్టు దగ్గర గోరుతో విప్పి చూపితిని. పైన నీలిరంగు నున్నగానే యున్నది, లోపల నురుగు పసుపు పచ్చగా మారి ముద్దకట్టియున్నది. రెక్సిను కుట్టు రంధ్రములలో నుండి ఏండ్ల తరబడి ఇంకినదానిని ఏ ఎండయు ఏ మందును తీయలేదు. ఇనుమును కడుగవచ్చును, నురుగును కడుగజాలము; కావున పరుపు ఊరక వచ్చినను తేకూడదన్నది నా నిశ్చితాభిప్రాయము. పాత మంచముతో మిగిలిన సొమ్మును కొత్త పరుపు మీదనే పెట్టవలెను, ఏలయనగా రోగి ఒడలికి తగులునది పరుపుగాని ఇనుము కాదు. చిన్న మోటారుతో గదులు ఒకటి విడిచి ఒకటి ఉబ్బుచు దిగుచునుండు గాలిపరుపును “ఎయిర్ బెడ్” అని అమ్ముదురు. అది ఒక చోటనే బరువు నిలువనీయదు గనుక మంచిదే, కాని దానిని ఒంటిగా పరచిన కరెంటు పోయి గాలి దిగినప్పుడు మనిషి రేకు మీద పండుకొనును. క్రింద మందమైన నురుగుపరుపు తప్పక యుండవలెను.

గాలిపరుపు కొన్నాము గదా యని త్రిప్పుట మానినవారి యింట నేను పుండ్లు చూచితిని. ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అను నర్సు తన సహచరులతో ఆసుపత్రులలోని వృద్ధులను పరిశీలించి 1962లో ప్రకటించిన గ్రంథములో, రెండు మూడు గంటలకొకసారి ప్రక్క మార్చినవారికి పడకపుండ్లు తగ్గినవని చూపినది. మంచము మనిషిని త్రిప్పదు. త్రిప్పు చేతులు ఇంట ఎన్ని యున్నవో లెక్కపెట్టక మంచము వెల లెక్కపెట్టుట వ్యర్థము. అవ్వ కొడుకు, అనగా ఆ రైతు, పగలు చేనిలో నుండును. కోడలొక్కతె, ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలొకతె. అవ్వను బడికి పోవునప్పుడొకసారి, వచ్చినప్పుడొకసారి ఆ పిల్ల త్రిప్పుటకు, నడుమ కోడలు త్రిప్పుటకు, రాత్రి కొడుకు లేచుటకు ముందుగా ఒప్పందము కుదిరిన పిదపనే మేము బయానా ఇచ్చితిమి.

మంచమును తెచ్చిన దినము లోనికి పోనీయలేదు. వాకిట వేసి సబ్బునీటితో రుద్ది, ఆరిన తరువాత లీటరు నీటికి సుమారు 15 గ్రాముల బ్లీచింగుపొడి కలిపి తేర్చిన నీటితో తుడిచి, పదినిమిషములాగి, మంచినీటితో మరల తుడిచితిమి. ఈ కడపటి తుడుపు మరచిన బ్లీచింగు ఇనుమును తినివేయును. గొట్టముల చివర మూతలు ఊడినచోట నల్లులు కాపురముండును, అచట వేడినీళ్లు పోసితిమి. రెండు దినములు ఎండ. మూడవనాడు రంగు ఊడినచోట రంగు.

అప్పుడు అవ్వ మాట. “నేనేమన్న సావబోతున్ననా” అన్న ఆమె భయమును నేను మూఢతయని కొట్టివేయజాలను. పోవుచున్నవారిని మంచము మీదనుండి నేలకు దించు ఆచారము మనలో పెక్కు ఇండ్ల నున్నది. పోయిన పిదప పదునొకండవ పండ్రెండవ దినముల శయ్యాదానము చేయు కులములున్నవి. మంచమును ప్రాణముతో ముడివేసుకొన్న జాతికి, ఎందరు పండుకొని లేచిరో, ఎందరు లేవలేదో తెలియని మంచము ఇంటిలోనికి వచ్చుట చిన్న సంగతి కాదు. అమ్మువాడు చెప్పడు, కొనువాడు అడుగడు. నేను అవ్వతో మాత్రము, ఆసుపత్రిలో ఆమె పండుకొన్నదియు అట్టి మంచమే గదా యని వాదింపలేదు. తలవైపు ఎటు వేయమందువని అడిగితిని. ఆమె చాలసేపాలోచించి, వాకిలి, కొట్టము కనబడునట్లు వేయమన్నది. దక్షిణమునకు తల యగునా లేదా యని కొడుకు చూచుకొన్నాడు. నైటింగేలమ్మకును మా అవ్వకును ఒకే అభిప్రాయము కుదిరినది.

కొనలేనివారికి రెండు సంగతులు చెప్పవలెను. దీర్ఘరోగులను ఇంటికే వచ్చి చూచి నొప్పికి మందిచ్చి పుండ్లు కడుగుటకు తెలంగాణ ప్రభుత్వము “ఆలన” అను పేరున బండ్లను నడుపుచున్నది. మీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోనో ఆశా కార్యకర్తనో అడిగిన దారి చెప్పుదురు. 2017 ఏప్రిలు 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ పథకము క్రింద పేదలైన వృద్ధులకు చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ వంటివి ఉచితముగా నిత్తురు. మంచమడుగుచు వచ్చువారిలో కొందరికి నిజముగా కావలసినది ఆ కుర్చీయే.

అవ్వ ఏడు నెలలకు కర్రపట్టుకొని కొట్టము వరకు నడచినది. మంచము ఆరువేలకు ఉట్నూరు దారిలోని ఒక ఇంటికి, అచటనుండి ఊరక మరియొక ఇంటికి పోయినది. మొన్న చూచితిని, హ్యాండిల్‌కు ఎవరో చీరపేలిక చుట్టిరి, కటకటము లేని ప్రక్కన ఇంకను చాప యున్నది. పరుపు మాత్రము ఎవరికి వారే కొనుకొనుచున్నారు.